85 డాలర్ల 72 సెంట్ల టాయిలెట్ కథ

పెద్ద పోస్టే. ఆదివారం లాండ్రీలో బట్టలు వేసి కూర్చున్నప్పుడు చదువుకోండి.

రెండేళ్ళ కిందట జనవరిలో, న్యూజెర్సీలో మేము నలుగురం ఉంటున్న ఇంట్లో హీటర్ ఆగిపోయింది. పై అంతస్తు, రెండు బెడ్‌రూములు, నెలకు 1,900 డాలర్లు. ఓనరు మనవాడే. పేరూ ఊరూ వద్దులెండి. ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు మనిషిని పంపిస్తా బాబూ" అనేవాడు. ఆ రేపు పదకొండు రోజులకు వచ్చింది. అప్పటిదాకా ఒకే గదిలో, వాల్‌మార్ట్‌లో కొన్న చిన్న హీటర్ చుట్టూ, నలుగురం జాకెట్లు వేసుకునే పడుకున్నాం. మాలో ఇద్దరిది వేర్‌హౌస్ పని, గ్రీన్‌కార్డు ఉంది. ఒకరు ఓపీటీ. నాలుగోవాడు, మా నెల్లూరు తమ్ముడు, కాంట్రాక్టు మీద ఐటీ, హెచ్-1బీ.

లీజు అయిపోయి ఖాళీ చేశాక ఇంకో కథ. 2,850 డిపాజిట్‌లో 550 మాత్రం వెనక్కి పంపి, మిగతా 2,300 కార్పెట్‌కీ పెయింటుకీ సరిపోయిందని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాడు. అది కూడా 47వ రోజున.

మామూలుగా మనం ఏం చేస్తాం? నాలుగు రోజులు తిట్టుకుంటాం, ఐదో రోజు వదిలేస్తాం. వీసా మీద ఉన్నాం, ఎందుకొచ్చిన గొడవ. మేమూ అలాగే అనుకున్నాం. కానీ మాలో ఒకడు "అడిగితే జైల్లో వెయ్యరు కదరా, ఊరికే అడిగి వద్దాం" అన్నాడు. సరే అని ఒకరోజు సెలవు పెట్టి కౌంటీ కోర్టుకి వెళ్ళాం.

అక్కడ వరండాలో బెంచీ మీద ఒక నల్లజాతి పెద్దావిడ కూర్చుని ఉంది. ఒడిలో ఫైలు, ఫైల్లో ఫోటోలు. మమ్మల్ని చూసి "మీదీ మరీని హియరింగేనా?" అని అడిగింది. మాకు అర్థం కాలేదు. మరీని అంటే జడ్జిగారి పేరేమో అనుకున్నాం. ఆవిడ నవ్వి, "కాదు నాయనా, ఇల్లు పాడైపోతే అద్దె ఎందుకు కట్టలేదో జడ్జికి చెప్పుకునే విచారణ, దాన్ని అలా అంటారు" అంది. పేరు ఎలా వచ్చిందో ఆవిడకీ తెలియదు.

ఆ పేరు వెంట పడి చదువుకున్నదే ఈ పోస్టంతా.

న్యూజెర్సీలో క్యామ్డెన్ అని ఊరుంది. ఫిలడెల్ఫియాకి నది అవతలి ఒడ్డు. 1969 ఏప్రిల్‌లో అక్కడ ఆలిస్ ఐర్లాండ్ అనే ఆవిడ నెలకు 95 డాలర్లకు, ఏడాది లీజు మీద ఒక అపార్ట్‌మెంట్ తీసుకుంది. ఓనరు పేరు జోసెఫ్ మరీని. జూన్ నెలాఖరులో టాయిలెట్ పగిలి నీళ్ళు బాత్రూం నేల మీదికి కారడం మొదలైంది. ఓనరుకి చెప్పాలని ఆవిడ ఎన్నిసార్లు ప్రయత్నించినా దొరకలేదు. మనకి తెలిసిన కథే కదా. అప్పుడావిడ లైసెన్సున్న ప్లంబర్‌ని పిలిచి బాగు చేయించింది. బిల్లు 85 డాలర్ల 72 సెంట్లు. తర్వాతి నెల అద్దె బదులు ఒక ఉత్తరం, ఆ బిల్లు, దాంతోపాటు 9 డాలర్ల 28 సెంట్లకు చెక్కు పంపింది. 95 లోంచి 85.72 తీసేస్తే మిగిలేది అదే. లెక్క సెంటు తప్పలేదు.

మరీని ఒప్పుకోలేదు. అద్దె ఎగ్గొట్టింది, ఇల్లు ఖాళీ చేయించండి అని కోర్టుకెక్కాడు. కింది కోర్టు ఓనరు పక్షమే పలికింది. అప్పటి చట్టం అలాంటిది మరి. అద్దె కట్టడం ఒక మాట, రిపేరు చేయడం ఇంకో మాట, రెండిటికీ సంబంధం లేదు. ఇల్లు కారినా, గోడ కూలినా, అద్దె మాత్రం ఒకటో తారీఖున పడాలి.

ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకున్నప్పుడు మాకు భలే ఆశ్చర్యమేసింది. మన ఊళ్ళలో కౌలు ఉంది చూడండి, అదే. ఇంగ్లండులో పాతకాలం కౌలు రైతు భూమి తీసుకునేవాడు. భూమే అసలు సరుకు. దాని మీదున్న పాక లెక్కలోకి రాదు. పాక కప్పు ఎగిరిపోతే కౌలుదారే తాటాకు తెచ్చి కప్పుకుంటాడు గానీ భూస్వామి దగ్గరికి వెళ్ళడు. ఆ కౌలు చట్టాన్నే ఓడల్లో అమెరికా తెచ్చుకుని, వందల ఏళ్ళ తర్వాత కూడా, భూమి అన్నదే లేని ఐదో అంతస్తు అపార్ట్‌మెంట్లకు వర్తింపజేశారు. ఐదో అంతస్తులో ఉన్నవాడు బాయిలర్ ఎలా బాగుచేసుకుంటాడు? బాయిలర్ గది తాళం కూడా వాడి దగ్గర ఉండదు.

1970 మే 18న న్యూజెర్సీ సుప్రీం కోర్టు కింది కోర్టు తీర్పుని కొట్టేసింది. నివసించడానికని ఇల్లు ఇచ్చినప్పుడు, అది నివసించేలా ఉంచుతానన్న మాట కాగితం మీద లేకపోయినా లీజులో ఉన్నట్టే అంది. నీళ్ళు, హీటు, టాయిలెట్ లాంటి ముఖ్యమైనవి చెడిపోతే, ఓనరుకి చెప్పి, తగినంత సమయం ఇచ్చి, అప్పటికీ చేయకపోతే, అద్దెకున్నవాళ్ళు న్యాయమైన ఖర్చుతో బాగుచేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చు అని తీర్పు. ఓనరే దొరక్కపోతే, వెతకడానికి గట్టిగా ప్రయత్నించామని చూపిస్తే చాలు. మూడేళ్ళ తర్వాత 1973లో బెర్జిటో కేసులో అదే కోర్టు ఇంకో అడుగు వేసింది. పాడుబడిన ఇంటికి అప్పటికే పూర్తి అద్దె కట్టేసినవాళ్ళు కూడా కొంత వెనక్కి అడగొచ్చు అంది.

దావా వేసినవాడి పేరు ముందొస్తుంది కాబట్టి కేసు "మరీని వర్సెస్ ఐర్లాండ్" అయింది. అందుకే గెలిచిన ఆవిడ పేరు కాకుండా ఓడిన ఓనరు పేరు మీద ఆ విచారణని పిలుస్తున్నారు. వరండాలో పెద్దావిడకి ఇది చెప్పలేకపోయామే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పేస్తాం. ఇది చదివి రేపే అద్దె ఆపేయకండి. ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఫోటోలు ఉండాలి, ఆపిన డబ్బు ముట్టుకోకుండా పక్కన ఉంచాలి. మరీని విచారణ కావాలంటే ఆ డబ్బు కోర్టులో కట్టమంటారు. ఖర్చుపెట్టేసుకుని వెళ్తే కేసు మాట పక్కనపెట్టి ఇంట్లోంచి పంపిస్తారు. మేము లాయర్లం కాదు, చదివింది చెబుతున్నాం.

క్యామ్డెన్ తీర్పుకి సరిగ్గా పదకొండు రోజుల ముందు, 1970 మే 7న, వాషింగ్టన్‌లో ఇలాంటిదే ఇంకో తీర్పు వచ్చింది. క్లిఫ్టన్ టెరెస్ అనే అపార్ట్‌మెంట్లు. 1966 ఏప్రిల్ అద్దె కట్టలేదని ఓనరు కంపెనీ దావా వేసింది. ఆ భవనాల్లో 1,500 దాకా హౌసింగ్ కోడ్ ఉల్లంఘనలు ఉన్నాయని అద్దెకున్నవాళ్ళు చూపిస్తామన్నారు. జావిన్స్ కేసు అంటారు దీన్ని. తీర్పు రాసిన జడ్జి స్కెల్లీ రైట్. పైన మేము చెప్పిన కౌలు సంగతిని ఆయనే విడమరిచి రాశాడు. పట్నంలో ఫ్లాటు తీసుకునేవాడు మట్టి కొనుక్కోవడం లేదు, వేడి, వెలుతురు, నీళ్ళు, గట్టి తలుపులు, కిటికీలు కొనుక్కుంటున్నాడు అన్నది ఆయన వాదన. దేశంలో మిగతా రాష్ట్రాలు దాన్నే పట్టుకున్నాయి. 1974లో కాలిఫోర్నియా, 1978లో టెక్సాస్ సుప్రీం కోర్టులు అదే దారిలో నడిచాయి. టెక్సాస్‌లో మరుసటేడే చట్టసభ ఆ తీర్పు స్థానంలో తన సొంత చట్టం పెట్టుకుంది, అది ఓనరుకి కాస్త దగ్గర.

ఇదే జడ్జి అంతకు రెండేళ్ళ ముందు, 1968లో, ఇంకో పని చేశాడు. వాషింగ్టన్‌లోనే ఇవోన్ ఎడ్వర్డ్స్ అనే ఆవిడ ఇంట్లో లోపాల గురించి నగర అధికారులకు ఫిర్యాదు చేసింది. వాళ్ళొచ్చి చూస్తే నలభైకి పైగా తేలాయి. ఓనరు వెంటనే ముప్పై రోజుల నోటీసు ఇచ్చాడు, ఖాళీ చెయ్యమని. నోటీసు చట్టప్రకారం సరిగ్గానే ఉంది. కానీ ఫిర్యాదు చేసినందుకు కక్షతో పంపేయడానికి వీల్లేదు అంది కోర్టు. హీటర్ గురించి గట్టిగా అడిగితే ఖాళీ చేయమంటాడేమో అని మనందరికీ ఉండే భయం, అదే భయం, ఆవిడకి నిజమైంది, నిజమయ్యాక కోర్టులో నిలబడింది.

న్యూజెర్సీ 1974లో ఇంకా గట్టి చట్టం చేసింది. తగిన కారణం చూపకుండా అద్దెవాళ్ళని పంపకూడదు, లీజు అయిపోయిందన్నది కారణం కాదు. ఓనరు అదే ఇంట్లో ఉంటూ ఒకటి రెండు భాగాలు అద్దెకిచ్చిన చోట ఇది వర్తించదు. మనవాళ్ళు బేస్‌మెంట్లలో ఉండేది ఎక్కువగా అలాంటి ఇళ్ళే కాబట్టి ఆ తేడా గుర్తుపెట్టుకోండి. అయితే అక్కడైనా సరే, తాళం మార్చేసి సామాను రోడ్డు మీద పెట్టే హక్కు మాత్రం ఏ ఓనరుకీ లేదు. పంపాలంటే కోర్టు ద్వారానే, కోర్టు అధికారి చేతనే. లీజు మీద పేరు లేకపోయినా, నోటిమాట అద్దె కూడా అద్దే. జెల్‌లో నెలనెలా పంపిన డబ్బు కనపడుతుంది కదా.

ఇప్పుడు అసలు ప్రశ్న. తొంభై ఐదు డాలర్ల అద్దె కట్టే మనిషి సుప్రీం కోర్టు దాకా ఎలా వెళ్ళింది? అసలు పేదవాళ్ళకి లాయరు ఎవరిచ్చారు?

దీని మొదలు మనలాంటి వలసోళ్ళ దగ్గరే. 1876లో న్యూయార్క్‌లో జర్మన్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఓడ దిగిన జర్మన్ కూలీలని యజమానులూ దళారులూ మోసం చేస్తుంటే ఉచితంగా లాయర్ని పెట్టడానికి. భాష రాని కొత్తవాళ్ళకి తమ భాషవాళ్ళే ఆసరా. అదే తర్వాత అందరికీ తలుపు తెరిచి, ఈనాటి న్యూయార్క్ లీగల్ ఎయిడ్ సొసైటీ అయింది. మన తెలుగు సంఘాలు మహాసభలకి పెట్టే ఖర్చు చూసినప్పుడల్లా మాకు ఆ జర్మన్లు గుర్తొస్తారు. ప్రమాదం జరిగినా, ఎవరైనా పోయినా మన సంఘాలు ముందుకొస్తాయి, కాదనం. డిపాజిట్ పోతే మాత్రం ఎవరూ రారు.

లాయరు లేనివాళ్ళు సమ్మె చేశారు. 1907 చలికాలం, ఆర్థిక మాంద్యం, బట్టల ఫ్యాక్టరీల్లో పని పోయిన రోజులు. న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో పాలీన్ న్యూమన్ అనే టీనేజీ అమ్మాయి, లిథువేనియా నుంచి వచ్చిన యూదు అమ్మాయి, ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. ఆ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి దాదాపు పదివేల కుటుంబాలని అద్దె సమ్మెలోకి దించింది. రెండు వేల కుటుంబాలకి అద్దె తగ్గింది. మిగతావాళ్ళు నష్టపోయారు, చాలామంది రోడ్డున పడ్డారు.

ప్రభుత్వం డబ్బుతో పేదలకి లాయర్లన్నది 1965 తర్వాతి మాట. అధ్యక్షుడు జాన్సన్ పేదరికం మీద యుద్ధం అన్నప్పుడు, అందులో భాగంగా పేటల్లో న్యాయ సహాయ కేంద్రాలు తెరిచారు. పైన చెప్పిన తీర్పులన్నీ ఆ పదేళ్ళలోనే ఎందుకు వచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఇళ్ళు అంతకు ముందూ కారాయి. టాయిలెట్లు అంతకు ముందూ పగిలాయి. పక్కన నిలబడే లాయరు అప్పుడే దొరికాడు. 1974లో నిక్సన్ సంతకంతో అది లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ అయింది.

1996లో తలుపు సగం మూశారు. ఆ కార్పొరేషన్ డబ్బు తీసుకునే ఏ సంస్థా, అమెరికా పౌరులూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ శరణార్థులూ మరి కొద్ది రకాల వాళ్ళకి తప్ప, మిగతా వలసవాళ్ళ కేసులు పట్టకూడదని కాంగ్రెస్ షరతు పెట్టింది. ఎఫ్-1, హెచ్-1బీ ఆ జాబితాలో లేవు. గృహహింస, మనుషుల అక్రమ రవాణా లాంటి కేసులకి మినహాయింపు ఉంది. మేము ఫోన్ చేసినప్పుడు ఇదే తేలింది. మాలో హెచ్-1బీ, ఓపీటీ వాళ్ళకి వీసా అడ్డం. గ్రీన్‌కార్డు ఉన్న ఇద్దరికి జీతం అడ్డం, ఎందుకంటే ఆదాయం పేదరిక రేఖకి 125 శాతం లోపు ఉండాలి. ఓవర్‌టైమ్ చేసినందుకు మొదటిసారి బాధపడ్డాం.

ఇంతవరకూ చెప్పినవాళ్ళలో మనవాళ్ళు ఒక్కరూ లేరు. మనవాళ్ళు వచ్చే చోటు ఒకటుంది. దాని గురించి మాట్లాడటానికి మనలో చాలామందికి ఇష్టం ఉండదు.

అప్పటి కృష్ణా జిల్లాలో మైలవరం దగ్గర వెల్వడం. ఆ ఊరి నుంచి 1960ల్లో లకిరెడ్డి బాలిరెడ్డి చదువుకోవడానికి బర్కిలీ వచ్చాడు. హోటల్ పెట్టాడు, ఇళ్ళు కొన్నాడు. 1990ల చివరికి వెయ్యికి పైగా అద్దె ఇళ్ళతో బర్కిలీలో అతి పెద్ద ఓనర్లలో ఒకడు. ఊళ్ళో దాతగా పేరు. 1999 నవంబరు 24న బర్కిలీలో బ్యాంక్రాఫ్ట్ వే మీద ఆయన అపార్ట్‌మెంట్లో, హీటర్ గొట్టం మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ నిండిపోయింది. పదిహేడేళ్ళ తెలుగు అమ్మాయి చనిపోయింది. చెల్లెలు ప్రాణాలతో బయటపడింది. దారిన పోతున్న ఒక స్థానిక మహిళ, కొందరు మగవాళ్ళు చుట్టిన తివాచీలో ఏదో మోసుకొచ్చి వ్యానులో పెట్టడం, ఒక అమ్మాయిని బలవంతంగా ఎక్కించబోవడం చూసి, ఆపి, పోలీసులని పిలిపించింది. ఆవిడ ఆగకపోతే ఈ సంగతి బయటికి వచ్చేదే కాదేమో.

ముందు దాన్ని ప్రమాదంగానే అందరూ రాశారు. బర్కిలీ హైస్కూల్ పిల్లల పత్రిక 'ది జాకెట్' లో ఇద్దరు విద్యార్థినులు మాత్రం వేరే ప్రశ్న అడిగారు. ఆ వయసు అమ్మాయిలు బడికి ఎందుకు రావడం లేదు? అక్కడినుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ అక్కాచెల్లెళ్ళని దొంగ పేర్లతో, హెచ్-1బీ మీద వచ్చిన ఒకతని కూతుళ్ళని చెప్పి తీసుకొచ్చారు. ఆ హెచ్-1బీ ఉద్యోగమూ కాగితం మీదిదే. పేద కుటుంబాల పిల్లలని పనికీ లైంగిక దోపిడీకీ తెచ్చారని తేలింది. 2001లో బాలిరెడ్డి నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల జైలు, బాధితులకి 20 లక్షల డాలర్లు. సివిల్ దావా 2004లో 89 లక్షల డాలర్లకు రాజీ అయింది. ఈ కేసు తర్వాతే 2000లో బే ఏరియాలో దక్షిణాసియా యువత అసాటా అనే సంఘం పెట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో అక్రమ రవాణా బాధితుల చట్టం వచ్చింది. టీ-వీసా, యూ-వీసా అన్నవి అందులోవే.

ఇది మామూలు ఓనరు-అద్దెదారు తగాదా కాదు, తెలుసు. మా హీటర్ కష్టాన్ని ఆ పిల్లల బతుకు పక్కన పెట్టడం లేదు. కానీ ఒక సంగతి చూడండి. బర్కిలీలో 1980 నుంచే అద్దె నియంత్రణ చట్టం ఉంది, రెంట్ బోర్డు ఉంది, అమెరికాలోనే గట్టి రక్షణలున్న ఊళ్ళలో అదొకటి. ఆలిస్ ఐర్లాండ్‌కి లేనివన్నీ ఆ ఊళ్ళో ఉన్నాయి. ఆ అమ్మాయిలకి ఒక్కటీ అందలేదు. ఇల్లు ఇచ్చింది, పని ఇచ్చింది, వీసా కాగితాలు చేయించింది, ఊళ్ళో అమ్మానాన్నలకి తెలిసిన పెద్దమనిషి, అన్నీ ఒకరే. ఎవరి మీద ఎవరికి చెప్పుకుంటారు?

ఈ నాలుగు తాళాలూ ఒకే గుత్తిలో ఉండటం మనకి కొత్త కాదు. కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో దిగినవాళ్ళకి తెలుసు. ఒక్కో గదిలో ఆరుగురు, ప్రాజెక్టు వచ్చేదాకా బయట ఎవరితో మాట్లాడొద్దని సలహా, అద్దె జీతంలో కోత. అందరూ చెడ్డవాళ్ళని అనడం లేదు, మాలో ఒకడిని ఆ గెస్ట్‌హౌసే నాలుగు నెలలు తిండి పెట్టి కాపాడింది. కానీ అక్కడ హీటర్ చెడిపోతే ఆఫీసువాడికే చెప్పాలి, ఆఫీసువాడికి కోపమొస్తే వీసా గుర్తొస్తుంది. ఇంకోటి. మేము ఖాళీ చేసిన ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం గోడకి ఉంది గానీ లోపల బ్యాటరీ లేదు. పదకొండు రోజులు హీటర్ చెడి ఉన్నప్పుడు కూడా మేము తీసి చూడలేదు. న్యూజెర్సీలో అది తప్పనిసరి. కాలిఫోర్నియా 2010లో చట్టం చేసి తర్వాతి మూడేళ్ళలో అన్ని ఇళ్ళకీ అమలు చేసింది. ఈ రాత్రే మీ ఇంట్లోది తీసి చూడండి.

కాలిఫోర్నియాలోనే 2017లో వచ్చిన ఇంకో చట్టం మనకి ముఖ్యం. అద్దెవాళ్ళ ఇమ్మిగ్రేషన్ సంగతి అధికారులకు చెబుతానని బెదిరించడం ఓనరుకి అక్కడ నేరుగా నిషేధం. అంతకు పదేళ్ళ ముందే, వీసా ఏమిటని అద్దెవాళ్ళని అడగకూడదనీ చట్టం పెట్టారు. అదే ఏడాది న్యూయార్క్ నగరం దేశంలో మొదటిసారిగా, ఇల్లు ఖాళీ చేయించే కేసుల్లో తక్కువ ఆదాయం వాళ్ళకి లాయర్ని నగరమే పెట్టేలా చేసింది. వీసా అడగరు. అంతకు ముందు 2013లో అక్కడి హౌసింగ్ కోర్టులో లాయరున్న అద్దెదారులు నూటికి ఒక్కరు. ఓనర్లు దాదాపు అందరూ లాయర్లతోనే వచ్చేవాళ్ళు. క్రిమినల్ కేసులో లాయరు ఇవ్వాలని 1963లోనే సుప్రీం కోర్టు చెప్పింది గానీ ఇల్లు పోయే కేసు సివిల్ కాబట్టి ఆ హక్కు లేదు. న్యూయార్క్ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, నూవర్క్ లాంటి నగరాలు అదే బాట పట్టాయి. జాక్సన్ హైట్స్‌లో ఛాయా అనే సంస్థ 2000 నుంచి దక్షిణాసియా వాళ్ళకి ఇళ్ళ విషయంలో సాయం చేస్తోంది.

మరి మాకు ఎవరు దొరికారు? మొదట కోర్టు ఆంబుడ్స్‌మన్ ఆఫీసు. న్యూజెర్సీలో ప్రతి కోర్టు జిల్లాలోనూ ఉంటుంది. సలహా ఇవ్వరు, కానీ ఏ ఫారం, ఎక్కడ, ఎంత ఫీజు అన్నది ఓపిగ్గా చెబుతారు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ముందుగా అడగండి, కోర్టే పెడుతుంది, డబ్బులు తీసుకోదు. తర్వాత ఒక లా స్కూల్ క్లినిక్. ప్రొఫెసర్ పర్యవేక్షణలో విద్యార్థులు చూస్తారు. మరీని ఎవరో మాకు చెప్పింది ఆ విద్యార్థినే. ఆ అమ్మాయి మా ఫోన్లోని మెసేజులన్నీ తారీఖుల వారీగా రాయించింది. ఓనరుకి పద్నాలుగు సార్లు ఫోన్ చేశామని మాకే అప్పుడు తెలిసింది. న్యూజెర్సీ నియమం ప్రకారం అక్టోబరు 1 నుంచి మే 1 దాకా పగలు 68 డిగ్రీలు, రాత్రి 11 దాటాక 65 డిగ్రీలు ఉండాలి. ఫారెన్‌హీట్ లెండి. డిపాజిట్ నెలన్నర అద్దె మించకూడదు, బ్యాంకులో వడ్డీకి వేయాలి, ఖాళీ చేసిన ముప్పై రోజుల్లో ఏది దేనికి కోశారో వివరంగా రాసి పంపాలి. అన్యాయంగా ఆపితే రెట్టింపు. స్మాల్ క్లెయిమ్స్‌లో 5,000 దాకా లాయరు లేకుండా వేసుకోవచ్చు. మా 2,300కి రెట్టింపు 4,600, పరిమితిలోనే ఉంది. ఫీజు నలుగురం బిర్యానీ తింటే అయ్యే బిల్లు కన్నా తక్కువ.

కాగితం మీద సంతకం దగ్గరికొచ్చేసరికి నెల్లూరు తమ్ముడు ఆగిపోయాడు. "అన్నా, నా ట్రాన్స్‌ఫర్ పెండింగ్‌లో ఉంది. నన్ను వదిలేయండి" అన్నాడు. డిపాజిట్ కోసం సివిల్ దావా వేయడం నేరం కాదని, వీసా ఫారాల్లో అడిగేది అరెస్టులూ నేరాల గురించనీ క్లినిక్ అమ్మాయి నచ్చజెప్పింది. ఇల్లు ఖాళీ చేయించే కేసు మన మీద పడితే అది అద్దె రిపోర్టుల్లో కనపడుతుంది, తర్వాత ఇల్లు దొరకడం కష్టమవుతుంది, ఆ భయం నిజమే. ఇది అది కాదని కూడా చెప్పింది. తమ్ముడు తల ఊపాడు గానీ పెన్ను పట్టుకోలేదు. మేము బలవంతం చేయలేదు. ఇంటి దగ్గర ఎన్ని లక్షల అప్పుందో మాకు తెలుసు.

ముగ్గురం వేశాం. విచారణ రోజున జడ్జి కన్నా ముందు మధ్యవర్తి దగ్గరికి పంపారు. చిన్న గది, ఒక బల్ల. ఓనరు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు, మమ్మల్ని చూసి "కోర్టుదాకా ఎందుకు బాబూ, ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది కదా" అన్నాడు. మేము పద్నాలుగు తారీఖుల కాగితం బల్ల మీద పెట్టాం. మధ్యవర్తి ఆయన్ని ముప్పై రోజుల్లో వివరాలు పంపిన రుజువు అడిగింది. వాట్సాప్ చూపించాడు. 47వ రోజు. గంటలోపే 2,000కి రాజీకి వచ్చాడు. రెట్టింపు కోసం జడ్జి దాకా వెళ్ళాల్సిందని మాలో ఒకడు ఇప్పటికీ అంటాడు. ఇంకో సెలవు పెడితే పని పోయేది, అందుకే ఒప్పుకున్నాం.

నలుగురికీ ఐదు వందల చొప్పున పంచాం. తమ్ముడు రెండుసార్లు వెనక్కి పంపాడు, మూడోసారి తీసుకున్నాడు.

మొన్న డాలస్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఫ్లాటు ఖాళీ చేస్తున్నాడట. టెక్సాస్‌లో కొత్త అడ్రస్ రాసి ఇస్తేనే డిపాజిట్‌కి ముప్పై రోజుల లెక్క, దురుద్దేశంతో ఆపితే మూడు రెట్లు, పైన వంద డాలర్లు అని తనే చదువుకున్నాడు. "అన్నా, ఆ లెటరు మనం అప్పుడు ఎలా రాశాం, ఒకసారి పంపవా" అని అడిగాడు.